కెర్నల్ మధ్యలో ఒక తెలుగు లైను

మా కంపెనీలో ఇద్దరం ఉండేవాళ్ళం. పూణెలో ఉద్యోగం దొరికి అన్న వెళ్ళిపోయాక సిబ్బంది సగానికి పడిపోయింది. మిగిలిన సగం నేను. నిజామాబాద్‌లో మా ఇంటి మేడ మీది గదే ఆఫీసు. కింద వరండాలో అవ్వ బీడీలు చేస్తుంది, పైన నేను వ్యవసాయ మోటార్లకు బిగించే పెట్టెలు చేస్తాను. ఇద్దరిలో ఎవరి సరుకుకు గిరాకీ ఉందో చెప్పనక్కర్లేదు.

గుంటలో నీళ్ళెంత ఉన్నాయో చూసి మోటారును వేసి, ఆపే బోర్డు ఆ పెట్టెలో ఉంటుంది. బోర్డును నడిపించే మూల ప్రోగ్రాం కెర్నల్. దాని సోర్స్ కోడ్ ఒక పెద్ద గుట్ట. ఫోన్ హాట్‌స్పాట్ మీద దాన్ని దించుకోవడానికి ఒకసారి నాలుగు రోజులు పట్టింది. అప్పటి నుంచి నెట్‌తో పనిలేకుండా మా డిస్కులోనే కోడ్‌నూ దాని మార్పులనూ దాచే ఒక రిపోజిటరీ పెట్టుకున్నాం. ఏ మార్పు చేసినా, ఎందుకు చేశామో ఒక ముక్క రాసి అందులో కమిట్ చేయాలి. అన్న ఉన్నప్పుడు ఆ జాబితా మా ఇద్దరి కబుర్లలా ఉండేది. ఇప్పుడు నేనే రాస్తాను, నేనే చదువుతాను, అప్పుడప్పుడు నేనే మెచ్చుకుంటాను. అన్న చివరి కమిట్‌లో ఉన్నది ఒక్క వాక్యం: "మిగతాది తమ్మి చూసుకుంటడు."

తమ్మి చూసుకుంటున్నాడు.

మా ఏకైక కస్టమర్ బోధన్ అవతల చెరుకు మానేసి వరి వేసిన పెద్దాయన. తాత కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన కుటుంబం. మోటారు స్టార్ట్ అయిన ప్రతిసారీ ఆయన పొలంలో మా పెట్టె బిగుసుకుపోతోంది. ఆదివారం కాలువ నీళ్ళు ఆయన వంతు. అప్పటికి బాగుచేయకపోతే విప్పి పంపేస్తానన్నాడు. రోజూ పొద్దున ఫోన్ చేసి అదే మాట గుర్తుచేసేవాడు. రోజంతా కలిపి నాకు మోగే ఫోన్ అదొక్కటే. అందుకని తిట్లకే అయినా మొదటి రింగుకే ఎత్తేవాణ్ణి.

తప్పు బుధవారమే దొరికింది. మోటారు లేచే క్షణంలో నీటి సెన్సర్ జవాబివ్వదు. కెర్నల్ మాత్రం జవాబు కోసం అలాగే కూర్చుంటుంది. ఎంతసేపు చూసి లేచిపోవాలో దానికి మేం చెప్పలేదు. అర సెకను చాలని రాసి, కమిట్ చేసి, కోడంతా కలిపి బోర్డుకెక్కే ప్రోగ్రాంగా కట్టే బిల్డ్ పెట్టాను. గంటన్నర. పరీక్షకని బల్ల మీద పెట్టుకున్న బోర్డు మళ్ళీ బిగుసుకుంది. పావు సెకను అన్నాను. బిగుసుకుంది. నమ్మకం లేక ప్రతిసారీ పాత బిల్డంతా తుడిచి మొదటి నుంచి కట్టాను. శుక్రవారం మధ్యాహ్నానికి విసుగొచ్చి, కోడ్ మధ్యలో తెలుగులో "ఎవరైనా ఉన్నారా" అని రాసి దాన్ని కూడా కమిట్ చేశాను. ఆ చెత్త చూసి బిల్డ్ ఆగిపోవాలి.

ఆగలేదు. గంటన్నర తర్వాత అంతా సవ్యంగా పూర్తయిందని చూపించింది.

నేను తెరను పైకే తిడుతుంటే, అన్నం పట్టుకొచ్చిన అవ్వ గడపలో నిలబడింది. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ రా?"

"కంప్యూటర్‌తోని."

"ఏమంటున్నది?"

"ఏమంటలేదు."

అవ్వ పళ్ళెం పెట్టి, కొత్త కొలత రేకు ఇచ్చినా పాతదానితోనే ఆకు కత్తిరించి వెయ్యి బీడీలు వాపస్ తెచ్చుకున్న పక్కింటామె కథ చెప్పింది. సినిమాలో అయితే ఇక్కడ నాకు వెలగాలి. నాకు పప్పులో ఉప్పు తక్కువైందన్న సంగతే వెలిగింది.

చేయి కడుక్కున్నాక అనుమానమొచ్చింది. మూడు రోజులుగా నేను రాసింది మనుషులే కాదు, కంప్యూటర్ కూడా చదవడం లేదేమో. బిల్డ్ ఫైల్ తెరిచాను. పోయిన వారం రిపోజిటరీని కొత్త డిస్కులోకి మార్చి అక్కడే పనిచేస్తున్నాను. బిల్డ్ మాత్రం పాత డిస్కు నుంచి, అన్న చివరి కమిట్ దగ్గరే ఆగి, కోడ్ తెచ్చుకుంటోంది. ఏ కోడ్ తేవాలో చెప్పే లైనులో అన్న కమిట్ నంబరుంది. దాన్ని తీయడానికి మనసొప్పలేదని రాస్తే బాగుంటుంది గానీ, కరెంటు పోతుందేమోనన్న భయంతో వెంటనే మార్చేశాను.

ఈసారి పది నిమిషాలకే బిల్డ్ ఆగింది. ఫలానా ఫైల్, ఫలానా లైను, ఈ అక్షరాలేంటో తెలియడం లేదు అంది.

మెట్ల మీంచి కిందికి కేకేశాను. "మాట్లాడిందవ్వా."

"ఏమన్నది?"

"తప్పు రాసినవ్ అన్నది."

"గదేదో నేనే జెప్పుదును గద."

ఆ తెలుగు లైను తీసేసి, మళ్ళీ అర సెకనే పెట్టి కొత్త బిల్డ్ కట్టి, ఆదివారం బోధన్ బస్సెక్కాను. కాలువ నీళ్ళు గుంటలోకి వచ్చాయి, మోటారు లేచింది, పెట్టె బిగుసుకోలేదు. పెద్దాయన మూడుసార్లు ఆపించి మళ్ళీ వేయించాడు. తర్వాత నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, "బాగా పనిచేస్తోందయ్యా. ఇక నువ్వు రానక్కర్లేదు," అన్నాడు.

ఆయన దృష్టిలో అది మెప్పే.

సోమవారం పొద్దున ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. మంచిగా పనిచేసే పెట్టెకు ఎవరు ఫోన్ చేస్తారు? అర సెకను చూసి లేవమని కెర్నల్‌కు నేర్పినవాణ్ణి, పది గంటల దాకా అలాగే చూశాను.