గంటలో ఇరవై ఏళ్ళ జైలు

పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది. కల్లంలో మిరపకాయలు తడవకముందే తెల్లబారిన తాలు కాయలు ఏరించాలని మా ఊరి ఆడవాళ్ళ ముఠాను పిలిచాను. ఏరిన కాయలు బస్తాల్లో తొక్కడానికి కోటయ్య వచ్చాడు. ఒక గొడవలో మనిషిని చంపి, ఏడేళ్ళు జైల్లో ఉండి, పోయిన వారమే విడుదలయ్యాడు.

ఆడవాళ్ళు ఏరుతూ రాత్రి టీవీలో వచ్చిన సీరియల్ గురించి మాట్లాడుకున్నారు. అందులో హంతకుడి తలకి ఒక యంత్రం తగిలిస్తే, గంటలోనే ఇరవై ఏళ్ళ జైలు అనుభవించినట్టవుతుంది.

"గంటకే వదిలేస్తే అదేం శిక్ష? చచ్చినోడు గంటకి లేచొస్తాడా?" అంది ముఠా పెద్ద రమణమ్మ.

"వాడికి ఇరవయ్యేళ్ళూ గడిచినట్టే గదక్కా," అన్నాడు కోటయ్య. "బయటికొచ్చినాక పని ఎవరిచ్చారో చూపించారా?"

"అది రేపటి భాగంలో ఏస్తార్లే," అంది రమణమ్మ తలెత్తకుండా.

అన్నాలప్పుడు ఆవిడ నా దగ్గరికొచ్చి, కోటయ్య ఉంటే రేపు తామెవరూ రామని చెప్పింది. సగం కాయ ఇంకా కల్లంలోనే ఉంది. రేపటి నుంచి రావద్దని కోటయ్యకు చెప్పాను. అతను తొక్కుతున్న బస్తా పూర్తిచేసి మూతి కుట్టాడు.

కోర్టు వేసింది ఏడేళ్ళే. మిగతాది యంత్రం లేకుండా నేనే వేశాను. మీరైతే ఏం చేసేవారో రాయండి.

వాన రాలేదు. కోటయ్య మూడింటికి వెళ్ళాడు. ఆడవాళ్ళు ఆరింటికి వెళ్ళారు.