పెళ్ళిచీర రంగు తోలు జాకెట్

విలేకరిగా నేను చాలా విపత్తుల గురించి రాశాను. ఎండిపోయిన బోర్లు, కాలిపోయిన వేరుశనగ వాములు, హైవే మీద బోల్తాపడిన టమోటా లారీలు. వాటిలో ఏదీ నా చేతి పని కాదు. నేను సొంతంగా, ఎవరి సాయమూ పెద్దగా లేకుండా తయారుచేసిన విపత్తు ఒక్కటే. అది ఒక తోలు జాకెట్. దాని దెబ్బకు తాడిమర్రిలో బతికున్న మనిషి చుట్టూ చేరి ఒక వీధి వీధంతా ఏడ్చింది. ఆ వార్త నేను పేపరుకు పంపలేదు. ఇప్పుడు రాస్తున్నాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం చాలా రోజులు నవ్వు రాలేదు.

మా మేనమామ వెంకటరాముడు పెనుకొండలో ఉంటాడు. వైమానిక దళంలో విమానాలు బాగుచేసే ఫిట్టరుగా పనిచేసి వచ్చినవాడు. ఆయనకూ, ఆయనతో పాటే ఉద్యోగంలో చేరిన తాడిమర్రి నారాయణప్పకూ కలిపి ఒకే ఒక్క తోలు జాకెట్ ఉండేది. ఏదో ఇంజను ప్రాణం పోసుకున్నందుకు సంతోషించి ఒక పైలట్ తన ఒంటి మీదిది విప్పి ఇచ్చాడట. ఉత్తరాది చలిలో ఆ పూట డ్యూటీ ఎవరిదైతే జాకెట్ వాళ్ళది. రిటైరై వచ్చేటప్పుడు దాన్ని రెండు ముక్కలు చేయలేరు కాబట్టి నారాయణప్పే, "నువ్వే పెట్టుకోరా, బద్రం" అని వదిలేశాడు. మామ దాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద దాచాడు. ఎంత భద్రంగా అంటే, ఎలుకలు తప్ప ఇంకెవరూ దాని జోలికి పోలేదు.

ఒక వేసవిలో తాడిమర్రి నుంచి కబురొచ్చింది. నారాయణప్ప మంచం పట్టాడు. ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. 'వెంకటరాముడిని ఆ జాకెట్ తెమ్మనండి, ఒక్కసారి ఏసుకుంటా' అని అడుగుతున్నాడట.

మామ ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఏం మొగం పెట్టుకోని పోయేదబ్బా నేను?" అన్నాడు.

"ఉన్నది చెప్పెయ్ మామా. ఎలుకలు కొట్టినాయని."

"సచ్చిపోయే మనిషికి చెప్పే మాటనా అది? ఇన్నేండ్లలో ఆయప్ప నన్ను అడిగింది ఇది ఒగటే."

నేను నోరు మూసుకుని ఉండాల్సింది ఇక్కడే. మూసుకోలేదు. "అట్లాంటిదే ఇంకొకటి కుట్టిద్దాం మామా. తోలూ రంగూ నాకు వదిలెయ్. ధర్మవరంలో పుట్టినోణ్ణి, రంగు గురించి నాకెవరూ చెప్పే పనిలేదు."

మామ నమ్మాడు. పాపం, వేరే దారి లేదు. కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుంటూ చెప్పాడు: "పాత చింతపండు రంగు. నలుపు కాదు, ఎరుపు కాదు. మెరుపు ఉండగూడదు. తోలు గట్టిగా ఉండాల. విప్పి కింద పెడితే మనిషి కూకున్నట్ల ఉండేది."

నేను తల ఊపాను కానీ లోపల జాలిపడ్డాను. మగ్గం గుంట పక్కన పెరిగినవాడికి ఇవి సుగుణాలు ఎలా అవుతాయి? మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు చీర చూడటం వస్తుంది. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా జారాలి. వెలుతురు పడితే మెరవాలి. ట్యూబులైటు అబద్ధం చెబుతుంది కనుక రంగును గడప దాటించి ఎండలో చూడాలి. ఈ సూత్రాలు పట్టు దగ్గర ఏనాడూ తప్పలేదు. లోకంలో పట్టు కానివి కూడా ఉంటాయన్న సంగతి నాకు అప్పటికి తట్టలేదు.

హిందూపురంలో బాషా అనే ఆయన బండి సీట్లకు కవర్లు కుడతాడు. బెంగుళూరు కుర్రాళ్ళు బైకుల మీద వేసుకునే జాకెట్లూ కుడతాడు. పోయి సంగతి చెప్పాను. తోళ్ళన్నీ తెచ్చి నా ముందు పరిచాడు.

"ఇది మేకదన్నా, కొంచెం బిరుసు. ఇది గేదెది, ఇంకా బిరుసు. ఇది గొర్రెది, మెత్తన. నీ ఇష్టం."

గొర్రె తోలును వేళ్ళ మధ్య నలిపాను. జారింది. చెంపకు ఆనించుకున్నాను. అమ్మవారికి పెట్టే చీరలా ఉంది.

"ఇదే."

"పైలట్లది అంటివి కదన్నా?"

"పైలట్లకైతే మాత్రం ఒళ్ళు గీరుకోవాలా?"

"అదీ నిజమేలే," అన్నాడు బాషా. ఆయనది మనుషులతో తగువు పెట్టుకునే స్వభావం కాదు. రంగుల ముక్కలు తీసి చూపించాడు. వాటన్నిటినీ పట్టుకుని నేను మెయిన్ రోడ్డు మీదికి నడిచాను. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆటోలు హారన్లు కొడుతుంటే, ఒక్కో ముక్కనూ ఆకాశానికి ఎత్తి చూశాను. పాత చింతపండు రంగు చచ్చినట్టు పడుంది. దాని పక్క ముక్కలో మాత్రం ఏదో జీవం కనబడింది.

"ఇది ఎయ్యి. కుట్టినాక రంగు కొంచెం దిగుతుంది కదా, సరిగ్గా సరిపోతుంది."

"దిగుతాదంటావా?"

"పట్టు దిగుతుంది."

"ఏం కన్ను అన్నా నీది!" అన్నాడు బాషా. ఆ మాటకు నేను బస్సెక్కేదాకా మురిసిపోయాను.

జాకెట్ తయారైంది. రంగు పిసరంత కూడా దిగలేదు. పెనుకొండలో మామ ఇంటి వసారాలో పొట్లం విప్పాను. ముదురు కుంకుమ రంగులో తళతళలాడుతూ అది నేల మీదికి నీళ్ళలా జారిపోయింది. మామ చాలాసేపు చూశాడు.

"దీనికి అంచు ఏదబ్బా?"

"ఏం మామా?"

"అంచు, కొంగు కూడా పెట్టించింటే ముహూర్తం పెట్టుకుందుము గదా. ఇది పెండ్లికూతురు చీర మాదిరి ఉండాది." ఆయన నవ్వలేదు. గోడకు తిరిగి కూర్చున్నాడు. "ఆయప్ప కండ్లు పోలేదబ్బా. పోయింది గుండెకాయ."

ఆ గొంతు విన్నాక నాకు రెండో తెలివి పుట్టింది. మొదటిదాని కంటే ఇది ప్రమాదకరం. జాకెట్ చంకన పెట్టుకుని ధర్మవరం బస్సెక్కాను. అక్కడ మా పెదనాన్న కొడుకు సీనన్నకు పట్టు నూలుకు రంగులేసే షెడ్డు ఉంది.

"తోలుకు నేనెప్పుడూ ఎయ్యలేదురా," అన్నాడు సీనన్న.

"పట్టు పురుగుది, తోలు గొర్రెది. రెండూ పాణం ఉన్నవాటివే కదన్నా. దానికి పట్టేది దీనికి పట్టదా?"

"వేడి నీళ్ళ తొట్లో ఉడికితేనే రంగు నిలబడేది. దీన్ని ఉడకబెడితే ఏమైతాదో తెలుసునా? చంటిపిల్లోళ్ళ చొక్కా ఐతాది."

"ఉడకబెట్టొద్దు. చల్లగా గుడ్డతో పూసెయ్."

"నిలవదేమోరా."

"ఒక్కపూట నిలిస్తే చాలన్నా."

నీలం కలిసిన నలుపును పొరమీద పొర పూశాడు. ఆరేసరికి అచ్చంగా పాత చింతపండు. మెరుపు కూడా చచ్చింది. మామకు చూపిస్తే ముట్టుకుని, తిప్పి చూసి, "పోదాం పద" అన్నాడు. ఆ రెండు మాటలకే నాకు పతకం దొరికినట్టయింది.

తాడిమర్రిలో నారాయణప్ప ముందుగది మంచం మీద ఉన్నాడు. ఒకప్పుడు విమానం రెక్కను భుజంతో నెట్టిన మనిషట. దుప్పటి కింద మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. ఆయనా, మామా ఒకరినొకరు చూసుకున్నారు. నారాయణప్ప కోడలు ఆయన్ను పట్టి కూర్చోబెట్టింది. మామ తనే ఆయన చేతులు ఒక్కొక్కటిగా జాకెట్లో దూర్చాడు. నారాయణప్ప కాలర్ను ఒకసారి తడుముకుని, కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు. కాసేపటికి నిద్రపట్టింది. మామ ఆయన చేయి పట్టుకుని పక్కనే తలదించుకుని కూర్చున్నాడు.

ఇంతా చేసి నేను ఇంకొకటి మరిచిపోయాను. ఎండాకాలం. గదిలో ఫ్యాను ఒక్కటే దిక్కు. అప్పుడే కరెంటు పోయింది.

గంజి గ్లాసుతో లోపలికి వచ్చిన కోడలు ఒక్క కేక పెట్టింది. "అయ్యో మామా! పోతివా మామా!"

నారాయణప్ప మెడ, దవడ, వేళ్ళు నీలం తిరిగిన నలుపులో ఉన్నాయి. కళ్ళు మూతలుపడి ఉన్నాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు లోపలికి ఉరికి రాగాలు ఎత్తుకున్నారు. "ఒళ్ళంతా నల్లబడిపోయిందే" అని ఒకావిడ గుండెలు బాదుకుంది. ఎవరో కాళ్ళు చాపి సరిచేస్తున్నారు. ఇంకెవరో చావుకు డప్పు కొట్టే పలకలోళ్ళకు చెప్పడానికి పరిగెత్తారు. మామ తల ఎత్తనే లేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

దిండు గలీబు మీద అదే రంగు మరక నాకు కనబడింది. సంగతి అర్థమైంది, చెమటకు జాకెట్ రంగు దిగింది. "అది చావు కాదు, రంగు" అని అరవాలి. నోరు తెరిచాను, గాలి వచ్చింది. ఎన్నో మరణవార్తలు గుక్కతిప్పుకోకుండా చెప్పినవాణ్ణి, బతికున్నాడన్న ఒక్క వార్త చెప్పలేకపోయాను.

ఆ పని నారాయణప్పే చేశాడు. కళ్ళు తెరిచి అందరినీ చూసి, నీరసంగా అడిగాడు: "ఎవురప్పా సచ్చినారు?"

రాగం మధ్యలో తెగింది. కోడలు గ్లాసు వదిలేసింది. జనాన్ని బయటికి పంపేసరికి అరగంట పట్టింది. పలకలోళ్ళు వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోయారు.

నారాయణప్ప తన వేళ్ళను చూసుకున్నాడు. చాలా నిదానంగా, పాత ఫిట్టరు బోల్టును చూసినట్టు.

"వెంకటరాముడూ. మనది ఎన్ని వానల్లో తడిసినా రంగు ఇడవలేదు గదరా."

మామ దుప్పటి అంచుతో ఆయన వేళ్ళు తుడవబోయాడు.

"ఇది మనది కాదు."

"కాదప్పా."

"మనది యాడ పాయె?"

"ఎలకలు కొట్టేసినాయి. నాదే తప్పు."

నారాయణప్ప జిప్పును గొంతుదాకా లాక్కున్నాడు. "పోనీలేరా. అది నాకు సంకల కాడ బిగుతు. నువ్వు బాధపడతావని ఎప్పుడూ చెప్పలేదు. ఇది మెత్తగ ఉండాది."

ఆ జాకెట్ ఆయన మళ్ళీ విప్పలేదు. కొద్దిరోజులకే నిజంగా పోయాడు. ఈసారి మొదట ఎవరూ ఏడవలేదట. కోడలు తడిగుడ్డతో మెడ తుడిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అప్పుడు కేక పెట్టిందట.

స్నానం చేయించేటప్పుడు రంగు వదల్లేదు. సున్నిపిండి, సబ్బు, ఏదీ పనిచేయలేదు. నా రంగు మొదటిసారి గట్టిగా నిలబడింది అక్కడే. మెడా వేళ్ళూ ఆ నీలం నలుపులోనే ఆయన్ను సాగనంపారు.

అంత్యక్రియలు చూసుకుని వచ్చే బస్సులో పెనుకొండ కొండ కనిపించగానే మామ నా వైపు తిరిగాడు. "ఏమబ్బా, నా వంతు వచ్చినప్పుడు నాకూ ఒగటి కుట్టిస్తావా?"

"ఏం మాటలు మామా అవి?"

"కుట్టియ్. తోలు అదే గొర్రెది. రంగు మాత్రం నువ్వు చూడొద్దు. కండ్లు మూసుకోని బాషాకు చెప్పి రా."

అందుకే పాఠకుల సమక్షంలో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా ఊపిరి ఉన్నంతవరకూ ఎవరి ఒంటి మీదికీ రంగు ఎంచను, ఎంచమని అడిగితే వినను, రంగుముక్కను ఎండలోకి ఎత్తను. జాకెట్ అవసరం మామకు ఇంకా రాలేదు. హిందూపురం పోయినప్పుడల్లా బాషా దుకాణం ముందు నుంచి కళ్ళు మూసుకుని నడుస్తున్నాను. ఆటోలవాళ్ళు తిడుతున్నారు.