ఖాళీ వేళలు మార్చిన మా మేడం

పోయిన మంగళవారం పొద్దున్న మాలతి ఫోన్ చేసి, "బొడొదీ నేయ్" అంది. బెంగాలీలో, పెద్దక్క లేదు అని. ఇంట్లో లేదన్నా అదే మాట, లోకంలో లేదన్నా అదే మాట. బజారుకి వెళ్లి ఉంటారు, కాసేపు ఆగి చూడు అన్నాను. అవతల ఏడుపు వినబడ్డాక గాని నాకు అర్థం కాలేదు.

మాలతి పెద్దక్క అనే ఆ మనిషిని నేను మేడం అనేదాన్ని. మా ఆఫీసు భవనంలో ఏసీ ప్లాంటు చూసే ఇంజనీరు ఆవిడ. నా మొదటి ఉద్యోగం ఆవిడ కిందే. నేను కలకత్తా గార్డెన్ రీచ్‌లో పుట్టి పెరిగిన డాక్ కార్మికుడి కూతుర్ని. ఆవిడ కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. ఈ ఊళ్లో ఆవిడ గురించి తెలుగులో తలుచుకునేవాళ్లు నేను తప్ప ఎవరూ ఉన్నట్టు లేరు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

మాది అద్దాల భవనం. కిటికీలు తెరుచుకోవు. కింద ప్లాంటు గదిలో, గోడకి బూడిదరంగు కంట్రోలర్ ఒకటి ఉండేది. ఏ వేళ మనుషులుంటారో, ఏ వేళ ఖాళీయో, ఏ రోజు సెలవో దానికి ముందుగా చెప్పిపెట్టాలి. దాన్నిబట్టి చల్లబరచడం మొదలుపెడుతుంది, ఆపుతుంది. గదులు వెచ్చబరిచే ఏర్పాటు కూడా దాన్లో ఉంది. కలకత్తాలో దాంతో పనేముంది? "చలిదేశం వాళ్లు చేసిన పెట్టె అమ్మాయ్, పాపం దానికి మన ఎండ సంగతి తెలీదు" అనేవారు మేడం.

కొత్త సంవత్సరం వచ్చేముందు ఇద్దరం కూర్చుని సెలవులు ఎక్కించేవాళ్లం. నేను చదువుతుంటే ఆవిడ మీటలు నొక్కేవారు. దుర్గాపూజ రోజులు, కాళీపూజ, ఈద్, మేడే. బంద్‌లు మాత్రం ముందుగా తెలిసేవి కావు. ఆ రోజుల్లో అవి ఎక్కువ. రేపు బంద్ అని తెలియగానే కిందకి దిగి, ఆ ఒక్కరోజునీ సెలవుగా మార్చి వచ్చేవారు. "దానికి పేపరు చదవడం రాదుగా, మనమే చెప్పాలి."

ఊరందరి సెలవులూ ఎక్కించిన మనిషికి సెలవంటే ఏం చేయాలో తెలిసేది కాదు. సోమవారం పొద్దున ఆవిడ మొదటి మాట బొంగురుగా, జలుబు చేసినట్టు వచ్చేది. మందేసుకోండి మేడం అంటే నవ్వారు. "జలుబు కాదు. శనివారం సాయంత్రం నుంచి ఎవరితోనూ మాట్లాడలేదుగా, పట్టేసింది."

ఆ మాట విన్నాక ఒక దుర్గాపూజ సెలవునాడు మా ఇంటికి భోజనానికి పిలిచాను. మా అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఏటమ్మా, అంతింట్లో ఒక్కర్తివే ఉంతావా? బయమెయ్యదేటి నీకు?" అని అడిగేసింది.

"భయం కాదండీ. ఒక్కదానికి అన్నం వండుకోవాలంటేనే చేతులు రావు" అన్నారు మేడం.

అమ్మ మరో గరిటెడు చేపలపులుసు వడ్డించింది.

నేను చెప్పదలుచుకున్న సంగతి ఒక వేసవిలో జరిగింది. వరస సెలవులకి బంద్ కూడా తోడై భవనం మూతబడింది. తెరిచిన రోజున, యంత్రాలు సరిగ్గా మొదలవుతాయో లేదో చూద్దామని ఇద్దరం పెందలాడే వెళ్లాం. పై అంతస్తులో ఎవరో అరిచారు. పరుగెత్తాం. ఊడ్చే ఆడవాళ్లలో ఒకామె, బకెట్ పక్కనే, స్పృహ తప్పి పడి ఉంది. అదే మాలతి. అంతస్తంతా మూతపెట్టిన కుండలా ఉడుకుతోంది. ఆమెను మోసుకుని కిందికి తెచ్చి వరండాలో పడుకోబెట్టాం. మేడం తన చీర కొంగు తడిపి ముఖం తుడిచారు. కళ్లు తెరిచాక, లోపల ఇలా ఉంటుందని ఎందుకు చెప్పలేదని అడిగారు.

"రోజూ ఇంతే కదా బొడొదీ. ఆఫీసు బాబులొచ్చే వేళకి చల్లబడుతుంది. అప్పటికి మా పని అయిపోతుంది."

మేడం ప్లాంటు గదికి వెళ్లి కంట్రోలర్ ముందు నిలబడ్డారు. మేం 'ఖాళీ' అని పెట్టిన వేళ అది. పెట్టింది ఆవిడే. ఊడ్చేవాళ్లు వచ్చే వేళ నుంచే మనుషులున్నట్టు లెక్క మార్చారు. కరెంటు ఖర్చు పెరగకుండా, సాయంత్రం అంతమేరా ముందుగా ఆగేట్టు పెట్టారు.

వారం తిరక్కుండా పరిపాలన అధికారి పిలిపించాడు. నేనూ వెంట వెళ్లాను.

"సాయంత్రాలు ఉక్కగా ఉంటోందని అందరూ గొడవ. పొద్దున్నే ఖాళీ భవనానికి చల్లగాలి దేనికి?"

"ఖాళీ కాదు సార్. ఊడ్చేవాళ్లుంటారు."

"వాళ్లు కాంట్రాక్టరు మనుషులు. మన సిబ్బంది కాదు."

"చెమట మనకి పట్టినట్టే వాళ్లకీ పడుతుంది సార్."

పాత వేళలే పెట్టమన్నాడు. పెట్టనన్నారు మేడం. కావాలంటే వేరేవాళ్ల చేత మార్పించుకోండి అన్నారు. అలా మార్చడం ఇంకెవరికీ రాదు, నాకు తప్ప. ఆయన నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ వేళలు అలాగే ఉండిపోయాయి. గొణిగినవాళ్లు గొణిగి, ఆఖరికి అలవాటు పడ్డారు.

విశాఖపట్నానికి బదిలీ కావాలని మేడం అప్పటికే అర్జీ పెట్టుకుని ఉన్నారు. అక్కడ వాళ్ల అక్క ఉండేది, భర్త పోయి, కొడుకు వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉండి, తనూ ఒంటరి మనిషే. ఆ కాగితం ఈ అధికారి బల్ల మీదుగానే వెళ్లాలి. బదిలీ రాలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను. మరుసటి ఏడు అక్క పోయింది. మేడం మళ్లీ అడగలేదు. "ఇప్పుడు వెళ్లి మాత్రం ఎవరింటికి వెళ్లను?" అన్నారొకసారి, మెట్లు దిగుతూ, నాకు చెప్పినట్టు కూడా కాదు.

రిటైరయ్యాక ఆవిడ గదికి రోజూ వెళ్లింది మాలతి. పని ముగించుకుని మరమరాలు పొట్లం కట్టించుకుని పోయేది, ఇద్దరూ టీ తాగేవారు. నేను నెలకోసారి వెళ్తే గొప్ప. ఆ మంగళవారం తలుపు తట్టి తట్టి, పక్కవాళ్ల చేత తీయించింది కూడా మాలతే. నిద్రలోనే పోయారట.

అక్క కొడుకు రైల్లో వచ్చి తలకొరివి పెట్టాడు. మంచివాడే. పిన్నిని చిన్నప్పుడెప్పుడో చూశానన్నాడు. శ్మశానంలో మాలతితో పాటు ఊడ్చే ఆడవాళ్లు ఇంకొందరు వచ్చి, ఒక పక్కగా నిలబడ్డారు.

రెండు రోజులకి అతన్ని హౌరాలో రైలెక్కించి, నేనూ మాలతీ నది దాటే లాంచీలో తిరిగి బయల్దేరాం. నది మీద గాలి చల్లగా ఉంది. ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. చేతివేళ్లు ఫినాయిల్‌కి పాలిపోయి ఉన్నాయి. రేవు వచ్చింది. అందరూ దిగిపోయారు. తిరుగు ప్రయాణానికి కొత్త జనం ఎక్కుతున్నారు. నేను ఆమెను లేపలేదు.