అడ్డం చెప్పే ఆంటీ

పక్కింటి ఆంటీ పోయారు. నిద్రలోనే పోయారని మంగళవారం పొద్దున అంకుల్ వచ్చి చెప్పేసరికి నేను మేకల తొట్టిలో గడ్డకట్టిన నీళ్ళు పగలగొడుతున్నాను. సుత్తి పక్కన పెట్టాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

అమెరికాలో అరోరా ఊరి నుంచి చాలా దూరం డ్రైవ్ చేస్తే మా ఎకోవిలేజ్ వస్తుంది. నేలకు భారం కాకుండా బతుకుదామని పట్నాలు వదిలి వచ్చిన కొన్ని కుటుంబాలం. తెలుగువాళ్ళం రెండిళ్ళవాళ్ళమే. ఇక్కడ ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఆ ఒక్కరు ఎప్పుడూ ఆంటీయే.

ఉమ్మడి భోజనశాలలో కట్టెల పొయ్యి తీసేసి గ్యాస్ హీటర్ పెట్టుకుందామని అడిగింది నేను. కట్టెలు కొట్టి కొట్టి నా నడుం పడిపోయింది. ప్రతి చలికాలం అడిగాను. ప్రతిసారీ అందరూ సరేనన్నారు, ఆంటీ తల అడ్డంగా ఊపారు.

"ఇంత అడవి పెట్టుకుని, గ్యాస్ ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని రోడ్డు వంక చూస్తూ కూర్చోవడమేంటమ్మాయ్?"

"మీరు రిటైర్ అయ్యారు ఆంటీ. డ్యూటీలు చేసేది మేము కదా," అన్నాను ఒకసారి విసుగ్గా.

మర్నాడు పొయ్యి వెలిగించే వంతు నాదే. తిట్టుకుంటూ వెళ్తే అప్పటికే మంట రాజుకుని ఉంది. చీర మీద కొడుకు పాత స్కీ జాకెట్ వేసుకుని ఆవిడ నిప్పుల్లో చిలగడదుంపలు తిప్పుతున్నారు.

"వద్దన్నది నేను కదా. వద్దన్నవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటే ఎట్లా? దుంప తిను."

ఆ తర్వాత అందరి వంతులూ ఆవిడవే అయ్యాయి. మొదట్లో మొహమాటపడ్డాం, తర్వాత అలవాటు పడిపోయాం. పొద్దున్నే వెచ్చగా ఉండడం ఆ గది గుణమే అనుకున్నాం. ఆవిడతో వాదించి నేను గెలిచిన రోజు లేదు. పంతం మనిషే, కానీ ఆ పంతం బరువు ఎవరి నెత్తినా పెట్టలేదు. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూస్తానని అనుకోను.

నిన్న మీటింగ్‌లో హీటర్ మాట మళ్ళీ వచ్చింది. నడిపిస్తున్నాయన అలవాటుకొద్దీ "ఎనీ ఆబ్జెక్షన్స్?" అని అడిగి, పొయ్యి పక్కన ఆంటీ కుర్చీ వైపు చూసి ఆగిపోయాడు. తర్వాత హీటర్ ఖాయమని రాసుకున్నాడు. ఇన్నాళ్ళూ అడిగింది దక్కింది. ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది, అంతే.

మీటింగ్ ఎప్పుడూ లేనంత త్వరగా ముగిసింది. లేవబోతూ చూస్తే, అందరం కోట్లు, టోపీలు వేసుకునే కూర్చుని ఉన్నాం. ఆ రోజు పొయ్యి ఎవరూ వెలిగించలేదు.