అర్థం కాని సిస్టర్ ఫులేరా

సిస్టర్ ఫులేరాకు ఏ విషయమూ ఒక్కసారి చెబితే అర్థం కాదు. రెండోసారి చెబితే సందేహం వస్తుంది. మూడోసారికి సందేహం మీద సందేహం వస్తుంది. తమాలే ఊళ్ళోని బోధనాసుపత్రిలో ఆవిడ ముప్పై ఏళ్ళుగా నర్సు. అందులో పదకొండేళ్ళు క్యాన్సర్ వార్డులోనే. అయినా సరే, "కీమో అంటే ఏంటి సార్?" అని అడుగుతుంది. పోయిన వారమూ అదే అడిగింది.

ఆవిడతో అందరికన్నా ఎక్కువ అవస్థ పడ్డవాడు కొత్తగా చేరిన డాక్టర్ నాపరి. రోగి నాడి కన్నా తన చేతి గడియారాన్నే ఎక్కువసార్లు చూసుకునే రకం. ప్రతి బుధవారం ఆరువందల కిలోమీటర్ల దూరంలోని రాజధాని అక్రా నుంచి ప్రొఫెసర్ లాంప్టే కంప్యూటర్ తెర మీదికి వస్తాడు. రిపోర్టులు చూసి, రోగులతో మాట్లాడి, ఎవరికి ఏ వైద్యమో తేలుస్తాడు. ఆయనది ఇంగ్లీషు, రోగులది దగ్బానీ, మధ్యలో చెప్పేది ఫులేరా. గంటలో ఆరుగురిని చూడాలి. ఫులేరా కుర్చీ లాక్కుని కూర్చున్నాక, ఆ లెక్క అటకెక్కేది.

"కణితి పెద్దదిగా ఉంది. ముందు మందులతో చిన్నది చేసి, తర్వాత కోద్దాం. చెప్పండి సిస్టర్."

"అర్థం కాలేదు సార్. ఎలాగూ కోసేదాన్ని చిన్నది చేయడం దేనికి?"

ప్రొఫెసర్ నిట్టూర్చి, ఉన్నపళంగా బూటు విప్పి కెమెరా ముందు పెట్టాడు. "ఇదే కణితి అనుకోండి. ఇంతదాన్ని పీకితే చుట్టుపక్కలవన్నీ ఊడొస్తాయి. దాన్ని ఇదిగో, ఈ సాక్సంత చేశామంటే తీయడం తేలిక. అయిందా?"

"అయింది సార్. కానీ ఆ సాక్సు ఉతికి ఎన్నాళ్ళయింది?"

ఆ ముక్క కూడా ఫులేరా తు.చ. తప్పకుండా దగ్బానీలో చెప్పింది. అప్పటిదాకా రాయిలా కూర్చున్న రోగి పకపకా నవ్వింది. నాపరి గడియారం చూసుకున్నాడు.

"ముప్పై ఏళ్ళ అనుభవం, మూడేళ్ళ పిల్ల తెలివి" అని అతను క్యాంటీన్‌లో వాపోయేవాడు.

ఒక బుధవారం అతని పంట పండింది. తమ్ముడి కూతురి నామకరణానికని ఫులేరా యెండి అనే ఊరికి వెళ్ళింది. ఆవిడ బదులు వచ్చిన నర్సు చెప్పింది చెప్పినట్టు గడగడా అప్పజెప్పింది. ఆ రోజు వచ్చిన ఆరుగురిలో సనాతు అనే పెద్దావిడ ఉంది. షియా గింజల నుంచి వెన్న తీసే నలభైమంది ఆడవాళ్ళ మీద పెత్తనం ఆవిడది. రొమ్ములో కణితి.

"అర్థమైందా?" అంటే, "అయింది" అని దర్జాగా తలూపింది. మిగతా ఐదుగురూ ఊపారు. ముప్పై అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది! నాపరి తీరిగ్గా గిన్నెకోడి కూరతో భోంచేశాడు.

సోమవారం వైద్యం మొదలుపెట్టాలి. ఆరుగురిలో ఒక్కరూ రాలేదు.

మర్నాడు ఊరి నుంచి వచ్చిన ఫులేరా నాపరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోను తీసి సనాతుకు వీడియో కాల్ చేసింది. తెర నిండా సనాతు ముక్కే కనబడింది.

"పెద్దమ్మా, ఆ రోజు ప్రొఫెసర్ ఏం చెప్పాడో మా డాక్టర్ గారు చెప్పారు గానీ, నాకేం ఎక్కలేదు."

"నర్సువి, నీకే ఎక్కకపోతే ఎట్లా?"

"నా బుర్ర సంగతి నీకు తెలీదులే. ఒకటి కోస్తే రెండోది కూడా కోసేస్తారేమోనని నా అనుమానం. నువ్వడిగావా?"

తెర మీద ముక్కు ఇంకాస్త దగ్గరికొచ్చింది. "లేదు... నీకోసమైనా అడగాల్సింది."

"మందెక్కించాక ఒంటికి వెళితే ఎర్రగా వస్తుందటగా. అది రక్తమా?"

"రక్తమేనంట! మా పక్కూరామె అది చూసే హడలిపోయి మళ్ళీ పోలేదు. ఆ జబ్బుతోనే ప్రాణం పోయింది పాపం."

"అమ్మో! డాక్టర్ గారూ, నాకు భయంగా ఉంది, కాస్త చెప్పరూ!"

ఫోను నాపరి చేతిలోకి వచ్చింది. అతను గడియారం వైపు చూడకుండా, నిదానంగా చెప్పాడు. "రక్తం కాదు పెద్దమ్మా, మందు రంగే. ఒకట్రెండు రోజుల్లో పోతుంది. రెండో రొమ్ము జోలికి ఎవరూ పోరు. జ్వరం వస్తే మాత్రం ఆ క్షణమే బయల్దేరి రావాలి."

"ఆ నర్సుకి అర్థమైందా?" అంది సనాతు.

"అయింది" అన్నాడు నాపరి.

"అయితే రేపొస్తా. ఆవిడ కంగారు చూడలేకపోతున్నా."

ఫోను పెట్టాక ఫులేరా ఒక కాగితం అతని ముందుకు జరిపింది. "సనాతు నాలుగు కిలోలు తగ్గింది. మీరు మందు మోతాదు పాత బరువుకి లెక్కగట్టారు. తిరగరాయండి."

నాపరి రెండుసార్లు లెక్క చూసుకున్నాడు. ఆవిడ చెప్పిందే నిజం.

"మీకు అన్నీ తెలుసు! మరి ఇన్నాళ్ళూ..."

"నలభైమందిని గడగడలాడించే మనిషి, ముక్కూమొహం తెలియని ప్రొఫెసర్ ముందు 'నాకు తెలీదు' అంటుందా నాయనా? ప్రాణమైనా వదులుకుంటుంది. అదే మాట నేను అంటే నాకేం పోయింది? నా పరువు పోయి ఎన్నో ఏళ్ళయింది."

గురువారానికి ఐదుగురు వచ్చారు. ఆరో ఆయన మొండికేస్తే, ఫులేరా మోటార్‌సైకిల్ మీద ఆయన ఇంటికే వెళ్ళింది. "ఆ ప్రొఫెసర్ దగ్గర నాకు ఒంటరిగా కూర్చోవాలంటే దడ. తోడు రా" అని వెనక ఎక్కించుకుని తెచ్చేసింది.

ఆపరేషన్ అయి కోలుకున్న సనాతు ఒక బుధవారం చూపించుకోవడానికి వచ్చింది. వరండాలో బిక్కుబిక్కుమంటున్న కొత్త రోగి పక్కన కూర్చుంది.

"లోపల ఒక నర్సుంటుంది" అని హితబోధ మొదలుపెట్టింది. "మనసు వెన్న. బుర్ర మాత్రం బొత్తిగా లేదు పాపం. అడిగిందే అడుగుతుంది. విసుక్కోకు. ఆవిడకి తెలిసేదాకా మనమే ఓపిక పట్టాలి."

తలుపు చాటున ఫులేరా నాపరిని మోచేత్తో పొడిచింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"విన్నారా డాక్టర్ గారూ, పల్లెల్లో నాకెంత పేరో!"