పోయిన ప్రొఫెసర్‌కు బదులుగా

మాదాపూర్‌లో నేను డేటా ఎంట్రీ చేసే రోజుల్లో, పాత చేతిరాత చదివిపెట్టడానికి ఒక రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు వచ్చేవారు. ఎప్పుడో పోయిన ఒక అమెరికా సైన్సు ప్రొఫెసర్‌కు జనం రాసిన ఉత్తరాలను మేం కంప్యూటర్లోకి ఎక్కించాలి. మాస్టారు చదివేవారు, నేను టైపు చేసేదాన్ని. ప్రతి ఉత్తరానికీ ఆయన ఆ ఇంగ్లీషులోనే పైకే జవాబు చెప్పేవారు.

పొలంలో దొరికిన మెరిసే రాయి బంగారమేనా అని ఒక రైతు అడిగాడు.

"కాదు నాయనా, అది ఇనుము, గంధకం. ఆశపడకు," అన్నారు మాస్టారు. పరధ్యానంలో నేను అదీ టైపు చేసేశాను.

నెల తర్వాత, పని ఇచ్చిన అమెరికా వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. ప్రొఫెసర్ జవాబులు ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదట, ఇదెలా దొరికిందని ఒకటే సంబరం.

"వాళ్లు ఖుషీగున్నరు. ఇగ ఊకోండి సార్," అన్నాడు మేనేజర్.

నా ఉద్యోగం పోతుందని నేను ఆ మెయిల్ మూసెయ్యబోయాను. మాస్టారు నా కీబోర్డు లాక్కుని ఒంటివేలితో కొట్టారు: "జవాబు నాదండి, తప్పూ నాదే. రాయి సంగతి మాత్రం కరెక్టు."

సాయంత్రానికి ఆయన్ని పంపేశారు. లింగంపల్లి బస్సెక్కుతూ, "రేపటి ఉత్తరం ముందే చూశాను. ఒకాయన ఇంట్లో తుపాకీమందు చేసుకోవచ్చా అని అడిగాడమ్మా. వద్దని నువ్వైనా చెప్పు," అన్నారు.

మర్నాడు ఆ ఉత్తరం రాగానే అటూ ఇటూ చూసి, "వద్దండీ," అన్నాను. టైపు మాత్రం చెయ్యలేదు.