పదో బొమ్మ ముందొచ్చిన రోజు

మొన్న కొత్తపేటలో ఓ పెళ్ళికి వెళ్ళాను. భోజనాల హాల్లో గోడ మీద వధూవరుల ఫొటోలు ప్రొజెక్టరుతో వేస్తున్నారు. నాకు దొరికిన కుర్చీ ఆ యంత్రం పక్కనే. దాని ఫ్యాను వదిలే వేడిగాలి, అందులోని కాలిన దుమ్ము వాసన ముఖానికి కొట్టాయి. వడ్డించిన పులిహోర అలాగే వదిలేసి లేచి వచ్చేశాను.

ఆ వాసనకు విశ్వనాథం గారు గుర్తొచ్చారు. ఆయన పోయిన నెలలో కాలం చేశారు. మేమిద్దరం పనిచేసిన రైతు శిక్షణ కేంద్రం వాళ్ళు ఆయన పేర ఒక సంచిక వేస్తున్నారట. "మీకంటే ఆయన్ని ఎరిగినవాళ్ళెవరండీ, నాలుగు మంచి మాటలు రాయండి" అని ఫోన్ చేశారు. మంచి మాటలకు కొరత లేదు. పందొమ్మిదేళ్ళు ఆయన కింద పనిచేశాను. నా పని పద్ధతంతా ఆయన పెట్టిన భిక్షే.

ఆ కేంద్రానికి బదిలీ మీద వచ్చిన కొత్తలో కొబ్బరి తెగుళ్ళ మీద ఒక చార్టు గీసి గర్వంగా చూపించాను. ఆయన దాన్ని గోడకు తగిలించి, నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళి హాల్లో ఆఖరి బెంచీ మీద కూర్చోబెట్టారు.

"అక్షరాలు కనిపిస్తున్నాయాండీ?"

"లేదండి."

"మరి ఎవరి కోసం రాసేరు? గోడ కోసమా?"

ఆ రోజే తన సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. "ఏ రోజు పని ఆ రోజు రాసుకోండి. మనసు మనకి అనుకూలంగా మార్చేసుకుంటుందండీ. కాగితం మార్చదు." అప్పటినుంచి డైరీ రాయని రోజు లేదు. ప్రతి శుక్రవారం ఆయన దాన్ని చదివి కింద సంతకం పెట్టేవారు. చార్టులు పోయి స్లైడులు వచ్చాయి, స్లైడులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఆఖరి బెంచీ మీద కూర్చుని చూడందే ఏదీ జనం ముందు పెట్టకూడదన్నది మాత్రం మారలేదు.

నా రిటైర్‌మెంటుకు రెండేళ్ళ ముందు అల్లవరం దగ్గర ఒక ఊళ్ళో రైతు సదస్సు పెట్టాం. పై అధికారి కూడా వస్తున్నారు. కొబ్బరిని పట్టే కొమ్ము పురుగు మీద మాట్లాడాల్సింది సత్యవతి గారు. కాంట్రాక్టు మీద మా దగ్గర పాఠాలు చెప్పే ఆవిడ. ఆ నెలతో ఆవిడ గడువు తీరుతుంది; పొడిగించాలంటే ఆ అధికారే సంతకం పెట్టాలి. భర్త మంచాన ఉన్నాడు. ఇంటికి ఆ జీతమే ఆధారం.

ఆవిడ కంప్యూటర్లో ఇరవై నాలుగు స్లైడులు చక్కగా తయారుచేసింది. కాని ఆ ఊరి హాల్లో ప్రొజెక్టరు ఉంది, కంప్యూటరు లేదు. పెన్‌డ్రైవ్ పెడితే బొమ్మలు మాత్రమే చూపిస్తుంది. అందుకని ఒక్కో స్లైడునూ ఒక్కో బొమ్మగా మార్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఆ పని నేను తీసుకున్నాను. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలే పేర్లుగా పెట్టాను.

"ఓసారి అక్కడి మిషను మీద ఆడించి చూద్దామా మాస్టారూ? గంట ముందు వెళ్తే చాలు కదండీ" అంది సత్యవతి గారు.

"నేను చేసిందమ్మా. చూడక్కర్లేదు" అన్నాను.

ఆ యంత్రం అంకె విలువ చూడదు. పేరులో మొదటి అంకెను పట్టుకుని వరస పెడుతుంది. సదస్సులో ఒకటి తర్వాత పది వచ్చింది, పదకొండు వచ్చింది. పురుగు ఏమిటో చెప్పకముందే తెర మీద మందు కొలతలు పడ్డాయి. సత్యవతి గారు తడబడింది.

"జబ్బేటో చెప్పకుండానే మందోసేత్తన్నారేటండీ!" అని ఒక రైతు అన్నాడు. హాలంతా నవ్వింది.

కాసేపటికి ఇరవై నాలుగోది, 'ధన్యవాదాలు' అన్నది పడింది. రైతులు చప్పట్లు కొట్టారు. వెంటనే మూడో బొమ్మ వచ్చింది, తెర నిండా కొమ్ము పురుగు.

"సచ్చిందనుకుంటే మళ్ళీ లెగిసిందండోయ్!"

అధికారి నవ్వలేదు. బయటికొచ్చి, "ఎవరండీ ఇది తయారుచేసింది?" అని అడిగారు.

విశ్వనాథం గారికి ఎవరు చేశారో తెలుసు. ముందు రోజు నేను పని చేస్తుంటే పక్కన నిలబడి చూశారు కూడా. "కాంట్రాక్టు ఆవిడండీ. ఇంకా అలవాటు పడలేదు" అన్నారు.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. గుమ్మం దగ్గర సత్యవతి గారు వైర్లు చుడుతూ తలెత్తి నా వైపు చూసింది. నేను ఏదైనా అంటానని ఎదురు చూసిందనుకుంటాను. నేను చేతిలోని సంచి జిప్పు సవరించుకున్నాను.

తిరుగు ప్రయాణంలో జీపులో విశ్వనాథం గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "రెండేళ్ళలో దిగిపోయే మనిషి, సర్వీసు మీద మచ్చెందుకండీ? ఆవిడ చిన్నది, ఇంకోచోట చూసుకుంటుంది. ఏమంటారు?"

"ఆయ్" అన్నాను.

ఆవిడ గడువు పొడిగించలేదు. బీరువా తాళాలు అప్పగించడానికి వచ్చినప్పుడు నా బల్ల దగ్గర ఆగింది. నిష్ఠూరం ఆడుతుందనుకున్నాను.

"ఇంటికెళ్ళి చూసేనండీ మాస్టారూ. ఒంటి అంకెల ముందు సున్నా పెడితే వరస తప్పేది కాదంట. నాకు ముందే తెలిసుంటే మీకు చెబుదును" అంది.

దానికీ నేను "ఆయ్" అనే అన్నాను.

సదస్సు రోజు నా డైరీలో "ప్రదర్శన వరస తప్పినది" అని ఒక్క ముక్కే ఉంది. శుక్రవారం విశ్వనాథం గారు అది చదివారు, నా ముఖం కేసి చూశారు, కింద సంతకం పెట్టారు. కాగితం కూడా మార్చేస్తుందని ఆ రోజు ఇద్దరికీ తెలిసింది.

ఆయన దగ్గర నేర్చుకున్న క్రమం ఈనాటికీ నాలో ఉంది. ఇంట్లో మందుల డబ్బా మీద కూడా తేదీ వేస్తాను. ఆయన మీద కోపమూ ఉంది. కాని ఆయన అబద్ధమాడింది నన్ను కాపాడటానికి. ఆ నీడన నిలబడింది నేను. సత్యవతి గారు రాజోలులో ఓ ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోందని విన్నాను. ఆ దారిన బస్సులో చాలాసార్లు వెళ్ళాను, ఒక్కసారీ దిగలేదు.

సంచికకు ఇదే పంపుతున్నాను. వేసుకోకపోయినా ఫరవాలేదు. ఒక ప్రతి సత్యవతి గారి బడికి నేనే తీసుకెళ్ళి ఆవిడ చేతికి ఇవ్వాలి. పోస్టులో వేస్తే అది కూడా తప్పించుకోవడమే.